చలవచేతుల ఇల్లు

ఫిబ్రవరి 9

ఈ డైరీ కోచింగ్ సెంటర్ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ప్రతి పేజీ అడుగున ఒక సూక్తి. ఆ సూక్తుల పుణ్యమా అని ఇన్నాళ్ళూ తెరవలేదు. ఇవాళ ఎవరితోనూ చెప్పుకోలేక తెరిచాను.

అమ్మని ఊరి నుంచి గుంటూరు తీసుకొచ్చేశాను. అరికాలి పుండు మానడం లేదు. మిరప కల్లంలో మేకు దిగితే సాయంత్రం దాకా తెలియలేదట. చెప్పు విప్పితే నెత్తురు. "నొప్పి లేదే. నొప్పుంటే చెప్పనా?" అని నన్నే దబాయిస్తుంది. షుగర్ లేదు. రెండు చోట్ల చేయించాం, లేదు. బ్రాడీపేటలో సర్జన్ గారు చూసి, ఎముక దాకా పాకితే వేలు తీయాలి, ఇంకా ముదిరితే పాదమే తీయాలి అన్నారు. షుగర్ లేని మనిషికి ఈ పుండేమిటని ఆయనే తల గోక్కుని, నరాల డాక్టరు బాలత్రిపురసుందరి గారి దగ్గరికి వెళ్ళమని చీటీ రాశారు.

ప్రేమ్‌చంద్ తన మంచం అత్తగారికి ఇచ్చి హాల్లో చాప వేసుకున్నాడు. మా శ్రీరమ్య పుస్తకాల సంచీతో సహా అమ్మమ్మ పక్కకి మారిపోయింది. నేను మటుకు ఎప్పటి చోటే.

ఫిబ్రవరి 13

డాక్టరు గారు నెమ్మది మనిషి. దూది తాకించారు, గుండుసూది తాకించారు, ఒక గొట్టంలో వేడినీళ్ళు, ఇంకో గొట్టంలో చన్నీళ్ళు పోసి పాదానికి ఆనించారు. కళ్ళు మూసుకున్న అమ్మ అన్నిటికీ ఒకటే జవాబు, "ఏదో తగిలిందమ్మా." మోకాళ్ళ కింద అన్నీ ఏదోనే. చేతులు కూడా మణికట్టు దాకా అంతే.

"చేతులకి ఎన్నేళ్ళుగా ఇలా ఉంది పున్నమ్మ గారూ?" అని అడిగారావిడ.

అమ్మ నిటారుగా కూర్చుంది. "మాది చలవచేతుల ఇల్లమ్మా" అంది.

ఆవిడకి అర్థం కాలేదు. అమ్మకి కావలసింది అదే. చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ పుట్టిల్లు కనిగిరి. అక్కడి మెట్టల్లో పనుల్లేక ఏటా మిరప కోతలకి ఇటు వచ్చేవాళ్ళు. తొడిమలు తీసే ఆడవాళ్ళకి చేతులు మండిపోయి రెండోరోజుకే ముద్ద నోట్లో పెట్టుకోవడం కష్టమయ్యేది. మా అమ్మమ్మకి, ఆవిడ చెల్లెలికి, అమ్మకి మాత్రం మంటే తెలిసేది కాదు. ఏ కల్లంలోనైనా ముందు పిలుపు వీళ్ళకే. ఊళ్ళో ఎవరింట్లో ఆవకాయ పెట్టినా కారం కలపడానికి అమ్మ చెయ్యే. ఆ చేతులు చూసే మా నాయనమ్మ ఏరికోరి కోడల్ని చేసుకుందట. ఈ కథ నేను ఉగ్గుపాలతో తాగాను. స్కూల్లో కూడా గొప్పలు చెప్పుకున్నాను.

డాక్టరు గారు అంతా విని, "మీ అమ్మగారి కాళ్ళు ఎలా ఉండేవి?" అన్నారు.

అమ్మ కొంగు సర్దుకోవడంలో పడింది. నేనే చెప్పాను. అమ్మమ్మకి కాలివేళ్ళు ఒక్కొక్కటే పోయాయి. పెద్దరోగం, అదే కుష్టు, అనుకుని పశువుల పాకలో పడుకోబెట్టారు. విడిగా కంచం, విడిగా చెంబు. ఆవిడ అందులోనే పోయింది.

"అది పెద్దరోగం కాదు, అంటుకునేదీ కాదు. నరాలకి వచ్చే జబ్బు. వంశంలో దిగుతుంది" అన్నారు డాక్టరు గారు. ముందు కాళ్ళలో నొప్పి, వేడి తెలియడం పోతాయి, తరవాత చేతుల్లో. ఈ జిల్లాల్లో ఇలాంటి కుటుంబాల మీద ఆవిడ పరిశోధన చేస్తున్నారట. మేము రక్తం ఇస్తే ఏ జన్యువులో తేడా ఉందో వెతుకుతారట. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టిన ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగం, రాని అవకాశం సగం.

ఆ చివరి మాట నాకు చెప్పనక్కర్లేదు. ఏటా నీట్ పిల్లలకి నల్లబల్ల మీద నేను చెప్పే పాఠమే. వంశం పటంలో చదరం మగ, సున్నా ఆడ, జబ్బున్నవాళ్ళకి లోపల నలుపు. రెండు మార్కులు ఊరికే వస్తాయి, వదలకండర్రా అని చెబుతాను.

ఆటోలో అమ్మ, "డాక్టరమ్మకి మన చేతుల సంగతి భలే నచ్చింది చూశావా" అంది.

ఫిబ్రవరి 14

నాకు ముప్పై నాలుగు. ఉంటే ఈపాటికి తెలిసేది.

ఫిబ్రవరి 20

డాక్టరు గారికి మా వంశం పటం గీసిచ్చాను. అమ్మమ్మ, ఆవిడ చెల్లెలు, అమ్మ, అమ్మ తమ్ముడు వెంకయ్య మామయ్య. స్కేలు పెట్టి, నల్ల పెన్నుతో నింపి, ముచ్చటగా వచ్చింది. ఆవిడ మెచ్చుకుని, కింద ఖాళీగా ఉన్న సున్నా మీద వేలు పెట్టి "ఇదెవరు?" అన్నారు.

"నేనేనండి."

"మీ రక్తం కూడా తీసుకుందామా? తెలుసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. తొందరేం లేదు. మీకు ఏమైనా తిమ్మిర్లు..."

"అబ్బే, లేవండి. పోలిక చూడ్డానికి బాగున్నవాళ్ళ రక్తం కూడా కావాలిగా. తీసుకోండి" అన్నాను. ఆవిడ చీటీ మీద నా పేరు రాసుకున్నారు. తరవాత శ్రీరమ్య గురించి చెప్పారు. చిన్నపిల్లలకి ఈ పరీక్ష చేయరట. పెద్దయ్యాక తనే తేల్చుకోవాలట. నేను అడగనే లేదు. అడగని దానికి జవాబెందుకో.

మార్చి 2

కనిగిరి వెళ్ళొచ్చాను, వెంకయ్య మామయ్య రక్తం కోసం. నర్సుని వెంటబెట్టుకుని వెళితే పెళ్ళిచూపులకి వచ్చినట్టు మర్యాదలు చేసి, సూది తీయగానే లేచి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. "నాకేం రోగమే? కాళ్ళు కాస్త మొద్దు, అంతేగా" అన్నాడు.

అమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. "ఒరేయ్ ఎంకయ్యా, డాక్టరమ్మకి మన ఇంటి రక్తం కావాలంటరా. అడిగినోళ్ళకి లేదంటామా మనం?" అంది. మామయ్య కుక్కిన పేనులా వచ్చి చెయ్యి చాపాడు.

బూట్లు విప్పించి చూశాం. రెండు సైజులు పెద్ద బూట్లు, లోపలంతా పత్తి. తన చేలో పత్తే. "ఈ ఏడు ధర లేదుగా, ఇట్టా వాడేశా" అని నవ్వాడు. దూది తీస్తే కాలివేళ్ళు వంకరపోయి ఉన్నాయి, ఒకదానికి గోరు లేదు. ఎప్పుడు పోయిందో ఆయనకీ తెలియదు. నర్సు కట్టు కడుతున్నంతసేపూ, ఎవరి కాలికో కడుతున్నట్టు కిటికీలోంచి కనిగిరి కొండ చూస్తూ కూర్చున్నాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఎండకి తల నొప్పి.

మార్చి 9

క్లాసులో ప్లాట్‌ఫాం ఎక్కాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. దారిలో స్కూటర్ మీంచి జారిపోయినట్టుంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త చెప్పులు, వదులు.

మార్చి 12

మళ్ళీ చెప్పు. వదులే.

మార్చి 23

అమ్మతో పెద్ద రభస.

డాక్టరు గారు చెప్పినవి మూడే. మెత్తటి అట్టతో ఆవిడ కుట్టించి ఇచ్చిన నల్ల బూట్లు ఇంట్లో కూడా వేసుకోవాలి. రోజూ అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి. పుండు మానేదాకా ఎక్కువ నడవకూడదు. పుండు మానితే ఈ కాళ్ళతోనే నిండు నూరేళ్ళు నడవొచ్చు, జబ్బు కంటే చూసుకోకపోవడం వల్లే కాళ్ళు పోతాయి అని ఎన్నోసార్లు చెప్పారావిడ. మా తల్లి మూడూ చేయదు. బూట్లు మంచం కిందికి తన్నేసింది. అద్దం ఇస్తే, "అరికాళ్ళు అద్దంలో చూసుకోవడమేందే, నేనేవన్నా పెళ్ళికూతుర్నా" అంటుంది. ఇవాళ మిట్టమధ్యాహ్నం, మనవరాలు జంతికలు అడిగిందని, వట్టికాళ్ళతో వీధి చివర కొట్టుకి పోయింది. తారురోడ్డు మీద. పాదం కింద బొబ్బలు. ఆనందంగా జంతికల పొట్లం పట్టుకుని నిలబడింది, బొబ్బల మీదే.

నేను అరిచాను. శ్రీరమ్య ముందే అరిచాను. "పోతే పోనీ నీ కాలు, నాకెందుకు" అన్నాను.

"పోతే పోద్ది. నువ్వు బెదరమాకు" అంది అమ్మ.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎంత మొండితనం ఈ మనిషికి. తన కాలు తను చూసుకోవడానికి ఏం రోగం? ఒక్కసారి కిందికి చూస్తే ఏం పోతుంది?

మార్చి 30

ఉగాది. పచ్చడి బాగా కుదిరింది. ఇంకేం లేవు.

ఏప్రిల్ 6

కుడి పిక్క మీద అరచేతిలో సగం అంత కాలిన మచ్చ. ప్రేమ్‌చంద్ చూశాడు. నేను కాళ్ళు చాపుకుని పేపర్లు దిద్దుతున్నాను. "ఇదెప్పుడు కాలింది?" అన్నాడు.

చూసుకున్నాను. చర్మం ఊడి లోపల ఎర్రగా ఉంది. స్కూటర్ సైలెన్సర్ అయి ఉంటుంది. మొన్న వర్షం చినుకులకి పక్కకి ఆపినప్పుడు కాబోలు. లేదా అంతకుముందా.

"అంత కాలలేదులెండి" అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళాడు. ఆయింట్‌మెంట్ తెచ్చి, కింద కూర్చుని, నెమ్మదిగా రాశాడు. ఈ మనిషి వర్షంలో గొడుగు పట్టడం కూడా తెలియని మనిషి. రాస్తూ, "రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"అమ్మదా?"

"నీది."

ఏప్రిల్ 7

ఇది నా డైరీ. ఎవరూ చూడరు. ఒక్కసారి రాసేస్తాను.

చెప్పులు వదులు కావు. నా కాళ్ళకే తెలియడం లేదు. శీతాకాలం నుంచీ బాత్‌రూమ్ గచ్చు చల్లదనం తెలియడం లేదు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చేతితో చూసి గానీ కాళ్ళ మీద పోసుకోవడం లేదు, ఎందుకని నన్ను నేను అడగలేదు. అమ్మని కిందికి చూడమని రోజూ అరుస్తున్నాను. నేనూ చూడలేదు.

నాకు ఉంటే అమ్మ వల్లే వచ్చినట్టు. ఆమెకి ఉన్న ఒకే ఒక్క గొప్ప ఆ చేతులు. అదే నాకు ఈ జబ్బు ఇచ్చిందని తెలిస్తే తట్టుకోలేదు. ఉన్నా చెప్పను. ఇది మాత్రం ఖాయం.

మే 4

పిల్లలు నీట్ రాసి వచ్చారు. సెంటర్‌కి సెలవులు. ఇక నాకు పని సాకు కూడా లేదు.

మే 11

ఆవకాయ పెట్టాం. మా మేడలో నాలుగు వాటాల వాళ్ళూ కలిసి డాబా మీద. పున్నమ్మ గారొచ్చారు, ఇంక మన చేతులకి భయం లేదు అని అందరూ సంబరపడ్డారు. పక్కింటి రహిమున్నీసా కూడా ముక్కలు తుడుస్తూ, "అమ్మ కలిపితే ఆ రుచే వేరంట కదా జ్యోతీ" అంది. అమ్మ బేసిన్ ముందు కూర్చుంది. వేళ్ళకి పగుళ్ళున్నాయి, కారం తగలకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నేను అడ్డం పడ్డాను. అమ్మ నా ముఖం చూసి, ఏమనుకుందో, "ఈ ఏడు మా జ్యోతి కలుపుద్దిలే" అంది.

బేసిన్ నిండా ఎర్రగా కారం, ఆవపిండి, ఉప్పు, నూనె. చేతులు మోచేతుల దాకా పెట్టాను. కలుపుతున్నాను, ఎదురు చూస్తున్నాను. మండాలి. దేవుడా, మండాలి. నా జన్మలో దేనికోసమూ అంతగా మొక్కుకోలేదు. కాసేపటికి మణికట్ల దగ్గర మొదలైంది. అరచేతుల్లో మొదలైంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ మంట. వేళ్ళ కొసల్లో మాత్రం రాలేదు. కొసలు నూనెలో ఉన్నాయి కదా, అందుకని.

లేచి చేతులు విదిలించాను. "అమ్మో మంట, మజ్జిగ తేవే శ్రీరమ్యా" అని కేకలు పెట్టాను. అందరూ నవ్వారు. పున్నమ్మ గారి చేతులు కూతురికి రాలేదే అన్నారు. రాలేదు, రాలేదు అని నేనూ నవ్వాను. ఒక రోజంతా సంతోషంగా ఉన్నాను.

అమ్మ నవ్వలేదు. నా చేతుల్ని కాదు, నా కాళ్ళని చూస్తూ కూర్చుంది.

మే 20

వచ్చింది. అమ్మకి, మామయ్యకి, నాకు. ముగ్గురికీ ఒకే జన్యువులో, ఒకే చోట, ఒకే తేడా.

డాక్టరు గారు నా పక్క కుర్చీలోకి మారి కూర్చుని చెప్పారు. చాలా నెమ్మదిగా ముదిరే జబ్బు. మీకు మొదట్లోనే తెలిసింది. మీ అమ్మమ్మకి తెలియలేదు, మీ అమ్మకి ఆలస్యంగా తెలిసింది. ఒక మందు మీద పరీక్షలు జరుగుతున్నాయి, అది మీకు పనికొస్తుందో లేదో ఇవాళ నేను మాట ఇవ్వలేను. ఈలోగా మీ చేతిలో ఉన్నది మీ కాళ్ళని చూసుకోవడం. ఇంకా చాలా చెప్పారు. నేను తల ఊపాను. మా పటంలో నా సున్నా నేనే నింపుకున్నాను, ఆవిడ పెన్ను తీసుకుని. గీత దాటలేదు. టీచర్ని కదా.

బయట బెంచీ మీద అమ్మ. "ఏమన్నారే?"

"నాకు లేదంట."

"సరే" అంది.

ఆటోలో నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరి వేళ్ళకీ సరిగా తెలియదు. అయినా లాడ్జి సెంటర్ దాకా వదల్లేదు.

మే 21

ఇవాళ రాయను.

మే 25

పొద్దున లేచేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. కాళ్ళకి నల్ల బూట్లు. ఒకటి విప్పి, అద్దం నేల మీద పెట్టి, పాదం పైకెత్తి, వంగి వంగి చూస్తోంది. శ్రీరమ్య పక్కన గొంతుక్కూర్చుని, "అమ్మమ్మా, మడమ దగ్గర చూడు, ఎర్రగా ఉంది" అని చెబుతోంది. అమ్మ దాన్ని పాలు తాగమని లోపలికి పంపేసింది.

ఎవరికి పుట్టిన బుద్ధి ఇది అని వేళాకోళం చేశాను. అమ్మ తల ఎత్తలేదు.

"నీ చెప్పు జారడం ఉగాది ముందే చూశా. నువ్వు మెట్లు దిగుతున్నావు, చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. నువ్వు చూసుకోలా. నాక్కూడా అట్టాగే మొదలైంది" అంది.

"నాకు లేదన్నానుగా అమ్మా."

"అన్నావులే."

గడప మీద కూర్చున్నాను. కాసేపటికి అమ్మే, "నా నుంచే గదా" అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. కల్లంలో అందరికీ వినబడే ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"నీ నుంచి చాలా వచ్చాయిలే. ఈ నోరూ, ఈ మొండితనం. ఇదొక్కటే వచ్చిందా?" అన్నాను. నవ్విద్దామనుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఇన్ని నెలలు దాచుకున్న ఏడుపు, ఇంక దాచుకోవాల్సిన పని లేకుండా ఏడ్చాను. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచింది, తరవాత తనది.

అప్పుడు చెప్పింది. పాకలో వాళ్ళమ్మకి అన్నం పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కాళ్ళు కనపడేవట. చిన్నప్పటి నుంచీ అదే భయం. తన కాళ్ళు మొద్దుబారడం మొదలయ్యాక ఇంక కిందికి చూడటం మానేసిందట. చూడకపోతే లేనట్టే అనుకుందట. చలవచేతులు, చలవచేతులు అని అందరూ అంటుంటే అదే పట్టుకుని బతికిందట.

"మరి ఇవాళెందుకు చూస్తున్నావు?" అన్నాను.

అమ్మ ఇంకో బూటు కూడా విప్పింది. రెండో పాదం అద్దం మీదికి తెచ్చింది.

"మా అమ్మ కాళ్ళు చూసి నేను బెదిరిపోయా. రేపు నా కాలు పోతే నువ్వూ అదే చూస్తావు. నీకూ ఇంతే అనుకుంటావు. అందుకని పోనీను. ఎంత కష్టమైనా పోనీను. నువ్వు నన్ను చూడు. అది నిన్ను చూసుద్ది" అని, లోపల పాలు తాగుతున్న శ్రీరమ్య వైపు గడ్డంతో చూపించింది.

తరవాత తన ఒళ్ళో తట్టింది, కాలు ఇటు పెట్టు, ఆ కాలింది ఎట్టా ఉందో చూద్దాం అని. పెద్దవాళ్ళ ఒళ్ళో కాళ్ళు పెట్టకూడదని నా చిన్నప్పుడు వీపు మీద ఒకటిచ్చి నేర్పింది ఆమే. ఇవాళ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. నేను కాలు పెట్టాను.